తండ్రిది ఆటో, కొడుకుది యాప్: అమ్మ గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: నమస్తే సర్. మాది మౌలాలి. నాన్న 24 ఏళ్ళుగా సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆటో నడుపుతున్నారు. ఆటో సొంతమే. తమ్ముడికి డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరకలేదు. ఏడాదిన్నరగా ఒక యాప్‌లో బైక్ ట్యాక్సీ నడుపుతున్నాడు. పోయిన నెల ఆటో యూనియన్ల బంద్ రోజు నాన్న ధర్నాకు వెళ్ళారు. బైక్ ట్యాక్సీలు ఆపాలన్నది వాళ్ళ డిమాండ్లలో ఒకటి. అదే రోజు తమ్ముడు డ్యూటీకి వెళ్తే ఉప్పల్ దగ్గర నలుగురు ఆటోవాళ్ళు అడ్డం పడి, వెనక కూర్చున్న ప్యాసింజర్‌ని దింపేసి, బండి తాళం లాక్కున్నారు. వాళ్ళలో ఒకాయన నాన్నకు బాగా తెలిసిన మనిషి. తాళం ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది, తమ్ముడు రెండో తాళంతో నెట్టుకొస్తున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. "నా పొట్ట కొట్టేది నా కొడుకేనా" అని నాన్న. "రానుపో అని ప్యాసింజర్లను తరిమింది మీరే కదా" అని తమ్ముడు. ఇప్పుడు వాడు కారు కొని యాప్‌కి అటాచ్ చేస్తానంటున్నాడు. లోన్ ఆరున్నర లక్షలు, డౌన్ పేమెంట్ కోసం అమ్మ గాజులు, గొలుసు తాకట్టు పెట్టాలట. వాడి స్నేహితుడు నెలకు 60 వేలు సంపాదిస్తున్నాడట. ఇద్దరిలో ఎవరిది న్యాయం? అమ్మ బంగారం ఇవ్వచ్చా? ఇంట్లో అన్నం తినాలంటేనే టెన్షన్‌గా ఉంది.

సమాధానం:

అమ్మా, మీరు రెండు ప్రశ్నలు అడిగారు. మీరు అడగని మూడోదానితో మొదలుపెడతాను. ఎందుకంటే మిగతావి నెల తర్వాత తేల్చుకున్నా కొంప మునగదు, ఇది మాత్రం రేపు పొద్దున తమ్ముడు బండి తీసేలోపే చూడాలి.

ఆ బైక్ నంబర్ ప్లేట్ ఏ రంగు? మీరు రాయలేదు గానీ తెల్లదే అయ్యుంటుంది. తెల్ల ప్లేటు అంటే సొంత వాడకానికి రిజిస్టర్ చేసిన బండి. కిరాయికి తిప్పే బండికి పసుపు ప్లేటు, పర్మిట్ ఉండాలి. ఇంట్లో బీరువాలో ఉన్న ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి. బండిని దేనికి వాడవచ్చో, దేనికి వాడకూడదో చెప్పే భాగం ఒకటి ఉంటుంది. సొంత బండి పాలసీ అయితే కిరాయికి తిప్పకూడదని అక్కడ రాసి ఉంటుంది. నేను ఇరవై ఏళ్ళకు పైగా మోటారు ప్రమాదాల నష్టపరిహారం కేసులు చూశాను. ఆ ఒక్క వాక్యం మీద కొట్టుకుపోయిన కుటుంబాలున్నాయి. ప్రమాదం జరిగాక కంపెనీ వకీలు కోర్టులో ముందుగా చూపించేది దాన్నే. చాలా కేసుల్లో ట్రిబ్యునల్ ఏం చేస్తుందంటే, బాధితుడికి ముందు కంపెనీనే కట్టమని, తర్వాత ఆ డబ్బు బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని చెబుతుంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే, వెనక కూర్చున్న మనిషికి అసలు ఏ రక్షణా ఉండకపోవచ్చు.

ఇక్కడే ఇంకో మాట. బండి ఎవరి పేరు మీద ఉంది? తమ్ముడు కాలేజీలో ఉన్నప్పుడు కొన్న బండి అయితే నాన్నగారి పేరు మీదే ఉండొచ్చు. అలాగైతే ఆ వసూలు నోటీసు వచ్చేది కూడా ఆయన పేరు మీదే. ధర్నాలో ఏ బండ్లు వద్దని కూర్చున్నారో, అందులో ఒక బండికి ఓనర్ తానే అయ్యుంటే ఆ సంగతి ఆయనకు తెలియాలి కదా.

చట్టం సంగతి: పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే మోటారు వాహనాల చట్టంలో 192ఏ సెక్షన్ కింద పది వేల జరిమానా, బండి సీజ్ అయ్యే ప్రమాదం కూడా. బైకులకూ ఇలాంటి పర్మిట్ ఇవ్వవచ్చని కేంద్రం 2024 జనవరిలో రాష్ట్రాలకు రాసింది. 2025 జులైలో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో తెల్ల ప్లేటు బైకులను కూడా యాప్‌ల ద్వారా నడపనివ్వచ్చని చెప్పింది. అయితే రాష్ట్రం సరేనంటేనే. "కేంద్రం ఓకే చేసిందట" అని తమ్ముడు చెబితే సగమే నిజం. ఇవి తరచూ మారే రూల్సు కాబట్టి ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి ఈ వారమే అడగమనండి. యాప్‌లో రైడ్ ఇన్సూరెన్స్ ఉందంటారు కదా, దాని పాలసీ కాపీ డౌన్‌లోడ్ చేయించి, డ్రైవర్‌కెంత, ప్యాసింజర్‌కెంత, రైడ్ లేని సమయంలో వర్తిస్తుందా లేదా అన్నది మీరే చదవండి. వాడు చదవడు. ఆ వయసులో నేనూ చదవలేదు.

ఇక న్యాయం. మీ నాన్నగారి వైపు నుంచి చూద్దాం. హైదరాబాద్‌లో ఆటో మీటరు రేటు చివరిసారి పెరిగింది 2014 ఫిబ్రవరిలో. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆ తర్వాత కిలోమీటరుకు 11. మీ ఇంటి నుంచి స్టేషన్‌కి ఏడు కిలోమీటర్లు అనుకుంటే సర్కారు లెక్క ప్రకారం ఆయనకు రావలసింది 80 రూపాయలు. ఈలోగా, 2021 జూన్‌లోనే, నగరంలో పెట్రోలు వంద దాటింది. ఆయనకు పర్మిట్ కావాలి, ఫిట్‌నెస్ కావాలి, మీటరుకు తూనికలు కొలతల శాఖ సీలు కావాలి, ఖాకీ చొక్కా లేకపోతే చలానా. అదే రోడ్డు మీద, అదే ప్యాసింజర్ కోసం వచ్చే తెల్ల ప్లేటు బైక్‌కి ఇవేవీ లేవు. "నన్ను కట్టేసి వాణ్ణి వదిలేశారు" అన్న బాధ ఆయనది. అది న్యాయమైన బాధే.

ఈ గొడవ మన దగ్గర పుట్టింది కాదు. యాప్ కంపెనీలు ఏ దేశం వెళ్ళినా మొదట చెప్పే మాట ఒకటే: "మేం ట్యాక్సీ నడపడం లేదు, ఫోనులో ఇద్దరిని కలుపుతున్నాం, అంతే." బార్సిలోనాలోని ట్యాక్సీవాళ్ళ సంఘం దీని మీద కోర్టుకెక్కితే, 2017 డిసెంబర్ 20న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, ఉబర్ చేస్తున్నది రవాణా పనే, రవాణా రూల్సు దానికీ వర్తిస్తాయని తేల్చింది. మన పార్లమెంటు 2019లో మోటారు వాహనాల చట్టం సవరించి, ఇలాంటి యాప్‌లకు అగ్రిగేటర్ అని పేరు పెట్టి, రాష్ట్రం దగ్గర లైసెన్సు తీసుకోవాలని చెప్పింది. 2020 నవంబర్‌లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది: సర్జ్, అంటే గిరాకీ ఎక్కువైనప్పుడు యాప్ పెంచే చార్జీ, ఎంత పెరిగినా బేస్ ఫేర్‌కి (మూల చార్జీకి) ఒకటిన్నర రెట్లు దాటకూడదు, ఎంత తగ్గినా సగానికి దిగకూడదు, సొంత బండి డ్రైవర్‌కి చార్జీలో కనీసం 80 శాతం రావాలి. 2025లో పై హద్దును రెండు రెట్లకు పెంచారు. కింది హద్దు సగమే ఉంది.

ఇందులో కిటుకు గమనించారా? రెట్టింపైనా, సగమైనా, దేనికి? రాష్ట్రం ప్రకటించే బేస్ ఫేర్‌కి. ఆటోకి ఆ అంకె 2014 నాటి 11 రూపాయలే అయితే సగం అయిదున్నర. కిలోమీటరుకు అయిదున్నరకు ఆటో తోలమని చెప్పినా రూలు తప్పినట్టు కాదన్నమాట. కాబట్టి మీ నాన్నగారు ధర్నాలో అడగవలసిన మొదటి మాట "బైకులు బంద్ చేయండి" అన్నది కాదేమో. పదేళ్ళు దాటిన ఆ అంకె మార్చమనడం ముందుండాలి. అది మారితే యాప్‌లో తిరిగే ఆటోలకూ నేల ఏర్పడుతుంది. క్యాబ్‌లకు, బైకులకు కూడా బండిని బట్టి బేస్ ఫేర్ ప్రకటిస్తే మీ తమ్ముడికీ అంతే. గుర్తుందా, 2024 ఏప్రిల్ ఎండల్లో నగరంలో క్యాబ్ డ్రైవర్లు "నో ఏసీ" అని ఏసీ వేయడం మానేశారు? తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ పిలుపు అది. కిలోమీటరుకు కంపెనీ ఇచ్చేది ఏసీ ఖర్చుకు చాలడం లేదన్నారు. వాళ్ళు అడిగిందీ రేటే. ఆగిపోయిన రేటు నాన్నది, పూటకోసారి మారే రేటు తమ్ముడిది. రెండింటి వల్లా ఖాళీ అయ్యేది మీ ఇంటి డబ్బాయే.

అయితే నాన్నగారికి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఒకటి, ఆయన గిరాకీ తగ్గడానికి కొడుకు ఒక్కడే కారణం కాదు. 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది. తార్నాక, ఉప్పల్, నాగోల్ వైపు స్టేషన్ నుంచి వెళ్ళేవాళ్ళలో చాలామంది దాని మీదకెక్కారు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. షేర్ ఆటోల మీద ఆ దెబ్బ ఎలా పడిందో ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. మెట్రోని ఆపలేరు, బస్సుకి అడ్డం పడలేరు. ఉప్పల్ చౌరస్తాలో ఒంటరిగా దొరికేది పాతికేళ్ళ కుర్రాడి బైకే. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు.

రెండోది చెబితే ఆయనకు కోపం వస్తుంది, అయినా చెప్పాలి. మీ తమ్ముడి ఎత్తిపొడుపులో నిజం ఉంది. అయిదారేళ్ళ కింద రాత్రి పదకొండింటికి ఇదే సికింద్రాబాద్ స్టేషన్ బయట, చేతిలో మందుల సంచీతో నిలబడి తార్నాక అంటే, ముగ్గురు తల అడ్డంగా ఊపారు. నాలుగో ఆయన 300 అన్నాడు. మీటరు అంటే నవ్వాడు. నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ రాత్రే నా ఫోనులోకి యాప్ వచ్చింది. నాలాంటివాళ్ళు ఊరంతా ఉన్నారు. సర్కారు రేటు గిట్టుబాటు కాదు కాబట్టి మీటరు వేయరు, మీటరు వేయరు కాబట్టి జనానికి కోపం, జనానికి కోపం కాబట్టి రేటు పెంచడానికి ఏ సర్కారుకూ తొందర లేదు. ఈ ముడి మీ నాన్నగారు వేసింది కాదు, కానీ యూనియన్‌లో ఉన్న మనిషిగా దాన్ని విప్పే మాట ఆయన ఎత్తవచ్చు. రేటు పెంచండి, మీటరు మీదే నడుపుతాం, నడపనివాడి మీద చర్య తీసుకోండి అని మూడూ కలిపి అడిగితే, వినే జనం కూడా ఉంటారు.

తాళం లాక్కోవడం మాత్రం తప్పు. బండి ఆపి కాగితాలు అడిగే అధికారం పోలీసులకు, రవాణా శాఖ అధికారులకు ఉంటుంది. యూనియన్ కండువాకు ఉండదు. ప్యాసింజర్‌ని నడిరోడ్డు మీద దింపేయడం ఇంకా తప్పు. ఆ దిగిన మనిషి రేపు ఏ ఆటో ఎక్కుతాడు?

తమ్ముడికి కూడా చెప్పాలిగా. "నా బండి, నా ఇష్టం" అనే మాట చెల్లదు. కిరాయి తీసుకున్న క్షణం నుంచి అది వాడొక్కడి బండి కాదు. రూల్సు నాన్నకే గానీ నాకు కాదు అనుకుంటే, అదే రూల్సు లేకపోవడం వల్ల రేపు ఏ కారణం చెప్పకుండా ఐడీ బ్లాక్ చేస్తే అడిగే దిక్కు కూడా ఉండదు. యాప్ కార్మికుల కోసం దేశంలో మొదటి చట్టం రాజస్థాన్ 2023లో చేసింది. తెలంగాణ తన ముసాయిదా 2025 ఏప్రిల్‌లో బయటపెట్టింది. ఇలాంటివి ఎవరో అడగబట్టే వస్తున్నాయి. ఇంతకీ తమ్ముడు ఈ-శ్రమ్‌లో, అంటే అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్‌లో, పేరు నమోదు చేసుకున్నాడా? ప్లాట్‌ఫామ్ కార్మికులకు అందులో విడిగా నమోదు ఉంది. పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు బంగారం. సూటిగా చెబుతున్నాను: ఇప్పుడే వద్దు.

ఆ 60 వేల సంగతి చూద్దాం. స్నేహితుడు అబద్ధం చెబుతున్నాడని కాదు. డ్రైవర్లు సాధారణంగా చెప్పేది చేతిలో పడ్డ మొత్తం. అది యాప్ కోత పోను వచ్చిందా, కోతకు ముందుదా అని ముందు అడగండి. నెలకు 26 రోజులు, రోజుకు 160 కిలోమీటర్లు తిరిగాడనుకుందాం. ఇందులో ప్యాసింజర్ లేకుండా పికప్ కోసం, తిరుగు దారిలో ఖాళీగా తిరిగేవి కూడా ఉంటాయి. సీఎన్‌జీ కిలోమీటరుకు నాలుగున్నర పడితే నెలకు దాదాపు 18,700. ఆరున్నర లక్షల లోన్ అయిదేళ్ళకు పదకొండు శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ 14,100. సర్వీసింగ్, టైర్లు కలిపి నాలుగు వేలు పక్కన పెట్టాలి. ట్యాక్సీ ఇన్సూరెన్స్ సొంత కారు కంటే బాగా ఎక్కువ, నెలకు 3,700 దాకా వేసుకోండి. ఇవన్నీ కలిపితే నలభై వేలు దాటింది. యాప్ కోత అప్పటికే పోయి ఉంటే చేతికి 19,500 మిగులుతుంది. కోత 20 శాతం ఇంకా తీయాల్సి ఉంటే 12 వేలు అందులోంచి పోయి, మిగిలేది ఏడున్నర వేలు. రోజుకు పన్నెండు గంటల పని. బంగారం మీద తాకట్టు వడ్డీ నేనింకా లెక్కలోకి తీసుకోలేదు. ఒక నెల జ్వరం వచ్చి పడుకుంటే ఈఎంఐ పడుకోదు.

అంకెలు నేను అనుకున్నవే, మీకు వేరేగా ఉండొచ్చు. కొన్ని యాప్‌లు కమీషన్ మానేసి రోజుకింత అని చందా తీసుకుంటున్నాయి. అప్పుడు లెక్క కొంచెం మెరుగ్గా ఉంటుంది. అయినా నన్ను భయపెట్టేది ఈ నెల లెక్క కాదు. అయిదేళ్ళ అప్పు తీసుకుంటున్నాం, రేటు మాత్రం ఏ రోజుకారోజు ఇంకొకరి చేతిలో ఉంది. యాప్‌లు కొత్తగా వచ్చినప్పుడు ఇన్సెంటివ్‌లు చూసి కార్లు కొన్నవాళ్ళు, అవి తగ్గించగానే 2017 ఫిబ్రవరిలో ఢిల్లీలో, బెంగళూరులో సమ్మెకు దిగారు. ఈఎంఐ కట్టలేకపోతున్నామన్నదే వాళ్ళ గోడు. అటు న్యూయార్క్‌లో పసుపు ట్యాక్సీ నడపడానికి కావలసిన మెడాలియన్ అనే పర్మిట్ 2014 ప్రాంతంలో పది లక్షల డాలర్లు పలికింది. దాని ధర తగ్గదని నమ్మి అప్పులు చేసి కొన్న డ్రైవర్లు, యాప్‌లు వచ్చి ధర కుప్పకూలాక అప్పుల్లో మునిగారు. 2018లో కొందరు ప్రాణాలు తీసుకున్నారు కూడా. ఆ ఏడాదే ఆ నగరం కొత్త యాప్ కార్లకు పరిమితి పెట్టింది. పాత ట్యాక్సీ అయినా, కొత్త యాప్ అయినా, చేతిలో లేని రేటు మీద పెద్ద అప్పు చేసినవాడే ముందు మునిగాడు.

మరి తమ్ముడిని ఏం చేయమనాలి? కారు లైసెన్సు ఉందా? లేకపోతే ముందు అది. లైట్ మోటారు వెహికల్ లైసెన్సు ఉంటే ట్యాక్సీ నడపడానికి లైసెన్సు మీద విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ (కిరాయి బండి నడపవచ్చన్న నమోదు) అక్కర్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో చెప్పింది కాబట్టి ఆ ఖర్చు తప్పుతుంది. తర్వాత మూడు నెలలు వేరేవాళ్ళ కారు కిరాయికో, జీతానికో తీసుకుని నడపమనండి. ఒక నోటుబుక్ పెట్టండి. రోజూ తిరిగిన కిలోమీటర్లు, అందులో ప్యాసింజర్ ఉన్నవి ఎన్ని, గ్యాస్ ఎంత, యాప్ తీసుకున్నదెంత, చేతికి వచ్చిందెంత. ఆ మూడు నెలల్లో ఒక పండగ నెల, ఒక మామూలు నెల ఉండేలా చూడండి. ఊహించిన ఈఎంఐ తీసేశాక కూడా నెలకు పాతిక వేలు మిగులుతోందని పుస్తకం చెబితే, అప్పుడు గాజుల గురించి మాట్లాడదాం. అప్పుడైనా గాజులే, గొలుసు ఉంచండి.

ఆ నోటుబుక్ ఎవరి దగ్గర ఉండాలో తెలుసా? మీ నాన్నగారి దగ్గర. 24 ఏళ్ళు స్టాండులో ఉన్న మనిషికి ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు ఖాళీగా పోతాయో, బండి ఎప్పుడు ఖర్చు పెట్టిస్తుందో చూపు మీద తెలుస్తుంది. కుర్రాడికి మ్యాపు తెలుసు, బండి తెలియదు. మాట్లాడుకోనక్కర్లేదు, రాత్రి టీవీ దగ్గర పుస్తకం పెట్టి వెళ్ళమనండి. పొద్దున దాని పక్కన ఒక అంకె దిద్ది ఉంటే చాలు.

ఇంకొకటి, నాన్నగారి ఆటోని యాప్‌లో పెట్టడానికి ఆయన ఒప్పుకుంటారా? బెంగళూరులో ఆటోవాళ్ళు కొన్నాళ్ళు యాప్‌లతో కొట్లాడి, 2022 నవంబర్‌లో నమ్మ యాత్రి అనే యాప్‌ని తమ యూనియన్ మద్దతుతో తెచ్చుకున్నారు. కమీషన్ లేదు, తర్వాత రోజుకు పాతిక రూపాయల చందా పెట్టారు. ప్యాసింజర్ డబ్బు నేరుగా డ్రైవర్‌కే. అదేదో అమృతం అని చెప్పను. ఫోనుతో పని చేయడం పరువు తక్కువ కాదని మాత్రం అక్కడి పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు. స్టాండులో గంటలకొద్దీ కూర్చునే మధ్యాహ్నం పూట ఒక్కటి ప్రయత్నించి చూడవచ్చు. ఫోను నేర్పే పని తమ్ముడిది. మీరు మధ్యవర్తిగా కూర్చోకండి, చాయ్ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోండి.

చివరగా ఆ తాళం. తమ్ముడు వెళ్ళి అడిగితే మళ్ళీ గొడవ, మీరు వెళ్ళకూడదు, పోలీసు కేసు అంటే స్టాండులో నాన్నగారికి ముఖం చెల్లదు. పట్టుకున్నాయన నాన్నగారికి బాగా తెలిసిన మనిషి అన్నారు కదా. ఈ ఉత్తరం నాన్నగారి చేతిలో పెట్టి, బండి ఆర్సీ ఎవరి పేరు మీద ఉందో చూపించి, రేపు డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఆ తాళం తెచ్చేయమని ఆయన్నే అడగండి.